ఆ మైకులో అన్న మాటకు జవాబు కావాలి: నల్లగొండ, పాలమూరు సంఘ కాపరులకు బహిరంగ లేఖ

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రాంతాల సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు, స్వస్థత సభలలో ప్రసంగించే దైవసేవకులకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనాలు.

నేను మర్రిగూడ మండలంలో పుట్టి పెరిగినదాన్ని. ముప్పై నాలుగేళ్లు ఏఎన్ఎంగా, అంటే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా, ఊళ్లు తిరిగి 2024లో పదవీ విరమణ చేశాను. మా తాత కాలం నుంచి మేము సంఘస్థులం. ఆదివారం బడిలో పిల్లలకు ఇప్పటికీ నేనే పాఠం చెబుతాను. మీలో కొందరు మా ఇంట్లో భోజనం చేసినవారే. ఇది బయటి మనిషి వేసిన నింద కాదని మొదటే మనవి చేస్తున్నాను. 2019లో మా పక్క ఊరి స్వస్థత సభల్లో, మా తమ్ముడి ఎముకలు వంగడానికి మా నాన్న పాపమే కారణమని మైకులో అన్న మాట గురించే ఈ లేఖ.

తప్పిదం చేసిన సహోదరుని దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లమని, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లమని, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజెప్పమని మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు వరస చెప్పారు. నేను ఆ వరస తప్పలేదు. 2019 మార్చిలో, ఆ సభలు జరిపించిన కాపరి గారి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. "అక్కా, అభిషేకం పొందినవారి మాట మీద మనం మాట్లాడకూడదు" అని టీ ఇచ్చి పంపారు. 2022లో మా సంఘ పెద్దలు ఇద్దరిని తీసుకుని కాపరుల సహవాసం బాధ్యుల దగ్గరికి వెళ్లి రాతపూర్వకంగా ఇచ్చాను. 2024లో మళ్లీ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు రసీదు వచ్చింది. జవాబు రాలేదు. ఇక మిగిలింది సంఘానికి చెప్పడమే.

జరిగింది ఇది.

మా తమ్ముడు 1976లో పుట్టాడు. వాడికి రెండేళ్లప్పుడు మా వాడకు బోరు వచ్చింది. అప్పటిదాకా అమ్మ మైలున్నర నడిచి బావి నీళ్లు తెచ్చేది. బోరు ఎక్కడ వేయాలన్న మాట వచ్చినప్పుడు నాన్న మందిరం గోడ పక్కనున్న తన జాగా చూపించి అక్కడే వేయించారు. చేతిపంపు బిగించిన రోజున అప్పటి కాపరి గారు పంపు మీద చెయ్యి ఉంచి, బెత్లెహేము బావి నీళ్ల కోసం దావీదు ఆశపడిన భాగం చదివి, ఈ నీళ్లు తాగే ప్రతి ఇల్లూ ఆరోగ్యంతో ఉండాలని ప్రార్థించారు. అందరం ఆమేన్ అన్నాం. నాకు పదిహేనేళ్లు. నాన్న ముఖంలో ఆనాటి సంతోషం నాకు బాగా గుర్తు.

ఆ నీళ్లలో ఏముందో మాలో ఎవరికీ తెలియదు. మా నేల కింద గ్రానైటు రాయి ఉంది. ఆ రాతిలోని ఫ్లోరైడు నీళ్లలో కరుగుతుంది. లీటరు నీటిలో అది ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదని ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. అప్పటికే తమ్ముడి పళ్ల మీద గోధుమరంగు చారలు వచ్చాయి, మోకాళ్లు లోపలికి వంగాయి. ముప్పై ఏళ్లు వచ్చేసరికి వెన్ను బిగుసుకుపోయి మెడ తిరగడం ఆగిపోయింది. నిలబడిన మనిషి ముఖం చూడాలంటే వాడు ఉన్నవాడు ఉన్నట్టే నడుము నుంచి వెనక్కి వాలాలి. ఎప్పుడో తర్వాత అధికారులు వచ్చి పంపుకు ఎర్ర రంగు పూసి, ఈ నీళ్లు తాగవద్దన్నారు.

2019 ఫిబ్రవరిలో మా పక్క ఊరిలో పత్తి ఏరిన చేనును చదును చేసి మూడు రాత్రుల స్వస్థత సభలు పెట్టారు. దూరం నుంచి పిలిపించిన ప్రసంగీకులు. రెండో రాత్రి తమ్ముడిని వేదిక ఎక్కించారు. వాడు అడగలేదు. సభల కార్యకర్తలే ముందు వరసలో చూసి తీసుకెళ్లారు. "కర్ర అవతల పెట్టు. ప్రభువు నామంలో నిటారుగా నిలబడు" అన్నారు ప్రసంగీకులు. ఎవరో కర్ర పట్టుకుపోయారు. తమ్ముడు ఒకడుగు వేసి ముందుకు తూలాడు. పట్టుకుని మళ్లీ నిలబెట్టారు. మూడుసార్లు అలాగే జరిగింది. అప్పుడు మైకు వాడి ముఖం మీది నుంచి తీసి జనం వైపు తిరిగి ఆయన అన్నారు: "ఈ ఇంట్లో ఒప్పుకోని పాపం ఉంది. తండ్రి చేసిన పాపం కొడుకు ఎముకల్లోకి దిగింది. నోరు తెరిచి ఒప్పుకుంటే ఈ రాత్రే విడుదల!"

జనం హల్లెలూయా అన్నారు. మూడో వరసలో మా నాన్న ఉన్నారు. ఎనభై నాలుగేళ్ల మనిషి, నలభై ఏళ్లు సంఘ పెద్దగా చేసిన మనిషి, తువాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

కర్ర కోసం నేను వేదిక వెనక తీగల మధ్య వెతికాను. జనరేటరు కింద, డీజిలు మరకల్లో దొరికింది. కొంగుతో తుడిచి తెచ్చేసరికి తమ్ముడిని మెట్ల దగ్గర ఒక కుర్చీలో వదిలేశారు. వేదిక మీద మరొకరికి ప్రార్థన మొదలైంది. ఆటోలో ఇంటికి వస్తుంటే వాడు ఒకే మాట అడిగాడు: "నాన్న ఏం పాపం చేశాడక్కా?" నాన్న డ్రైవరు పక్కన కూర్చుని ఉన్నారు. విన్నారు.

ఆ తర్వాత పదో రోజో పన్నెండో రోజో, నేను అన్నం పెడుతుంటే నాన్న నెమ్మదిగా అన్నారు: "ఆ బోరు నేను వేయించిందే కదమ్మా." ఫ్లోరైడు సంగతి ఆయనకు తెలియక కాదు. నేనే వందసార్లు చెప్పాను, ఊరంతటికీ అదే కథ అని. కానీ నేను కూతురిని, ఆ మాట అన్నది దేవుని పేరు మీద మాట్లాడిన మనిషి. ప్రసంగీకులకు బోరు సంగతి తెలియదు. చీకట్లో విసిరిన రాయి అది. వచ్చి సరిగ్గా నాన్న గుండెలోని పుండు మీదే పడింది. 2021లో చనిపోయే దాకా ఆ మాట ఆయనను వదలలేదు. చివరి వారంలో కూడా "ఒప్పుకుంటే వాడు లేస్తాడేమో, ఏది ఒప్పుకోవాలో తెలియడం లేదు" అన్నారు.

అయ్యగార్లారా, "జీవమరణములు నాలుక వశము" అని సామెతల గ్రంథంలోని మాట మీరు చెప్పగా వింటూనే మేము పెరిగాం. నేను దాన్ని అక్షరాలా నమ్ముతాను. నమ్ముతాను కాబట్టే అడుగుతున్నాను: ఆ వాక్యం ముందుగా ఎవరి నాలుకకు వర్తిస్తుంది? పది వేల మంది ముందు మైకు పట్టుకున్న నాలుకకా, వేదిక మీద వణుకుతూ నిలబడిన రోగి నాలుకకా? బోధకులకు తీర్పు మరింత కఠినంగా ఉంటుందని, అందుకే మీలో అనేకులు బోధకులు కావద్దని చెప్పిన తర్వాతే యాకోబు నాలుకను నిప్పుతో పోల్చాడు. మూడో అధ్యాయం మొదటి వచనాన్ని వదిలేసి ఆరో వచనం నుంచి ప్రసంగించడం నేను చాలాసార్లు విన్నాను.

ఇంకొకటి కూడా మనసు విప్పి చెబుతాను. ఆ పంపు మీద చెయ్యి ఉంచి ప్రార్థించిన కాపరి గారు మంచివారు, విశ్వాసంలో కొదవ లేనివారు. ఆయన పలికిన దీవెన నీళ్లలోని ఫ్లోరైడును తీసివేయలేదు. నలభై ఏళ్ల తర్వాత ఇంకొకరు పలికిన మాట మాత్రం ఒక ముసలి తండ్రి ప్రాణాన్ని నలిపింది. మాట శక్తి రాళ్ల మీద, నీళ్ల మీద మంత్రంలా పనిచేసేది కాదని, వినే మనిషి లోపల పనిచేసేదని నాకు అక్కడ అర్థమైంది. మంత్రంగా అనుకున్నవారికి మాట ఫలించకపోతే నింద మోపడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎప్పుడూ రోగే అవుతున్నాడు.

మా ఒక్క ఇంటి బాధయితే నేను ఇంత దూరం వచ్చేదాన్ని కాదు. ఉద్యోగంలో తిరిగిన ఊళ్లలో చూసినవి చెబుతాను.

1. మునుగోడు, చండూరు, నాంపల్లి, మర్రిగూడ వైపు ఊళ్లలో ఎముకలు వంగినవారు ఇంకా ఉన్నారు. ఒకసారి బిగుసుకుపోయిన వెన్ను మళ్లీ మామూలు కాదు. వారికి కావలసింది మంచి నీళ్లు, మంచి తిండి, పింఛను, పలకరింపు. సభల్లో వారికి దొరుకుతున్నది పాపి అన్న పేరు. మా తమ్ముడు తూలి పడిన వీడియో ఫోన్లలో ఊరూరా తిరిగింది. తీసివేయమని రెండు ఉత్తరాల్లోనూ అడిగాను. కన్నవారు ఏదో చేసి ఉంటారన్న అనుమానంతో ఇలాంటి ఇళ్లకు పిల్లనివ్వడానికి వెనకాడిన విశ్వాసులను నేను చూశాను. సాక్షాత్తూ ప్రభువు శిష్యులే గుడ్డివాడిని చూసి ఈ ప్రశ్న అడిగారు, పాపం వీడిదా, కన్నవారిదా అని. "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని ప్రభువు జవాబిచ్చారు. యోహాను సువార్త 9వ అధ్యాయం మూడో వచనం అది. ఇంత సూటిగా ఇచ్చిన జవాబు మన మైకుల్లో ఎందుకు వినపడదు?

బేతెస్ద కోనేటి దగ్గర బాగుపడినవానితో "ఇక పాపము చేయకుము" అనలేదా అని ఒక సేవకులు నాతో వాదించారు. అన్నారు. ముందు బాగుచేసి, ఆ తర్వాత దేవాలయంలో కనబడినప్పుడు, ఆ మనిషితోనే అన్నారు. జనాన్ని కూర్చోబెట్టి అతని తండ్రి పేరు ఎత్తలేదు. చెవిటివానిని బాగుచేసినప్పుడు అతణ్ని జనంలోంచి పక్కకు తీసుకుపోయారు. బేత్సయిదాలో గుడ్డివానిని చెయ్యి పట్టుకుని ఊరి బయటికి నడిపించుకుపోయారు. రెండూ మార్కు రాసినవే.

2. మందులు ఆగిపోతున్నాయి. నా ఉద్యోగమంతటిలో నన్ను బాగా ఏడిపించింది ఇదే. 2018లో పుణె పని నుంచి తిరిగి వచ్చిన ఒక పాలమూరు కుర్రవాడికి క్షయ అని తేలింది. క్షయకు ఆరు నెలలు మందు మింగాలి: మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాతి నాలుగు నెలలు మూడు రకాలు. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, మనిషి తేరుకుంటాడు. ప్రమాదం అక్కడే ఉంటుంది, క్రిమి ఇంకా చావదు. సరిగ్గా ఆ సమయంలో అతణ్ని ఒక ఉపవాస కూడికకు తీసుకెళ్లారు. "స్వస్థత పొందాను అని నోటితో పలుకు. పలికాక మళ్లీ మాత్ర మింగితే నీ మాటను నువ్వే అబద్ధం చేసినట్టు" అని చెప్పారు. మాత్రల అట్టలు తెచ్చి కానుకల పెట్టె పక్కన పెట్టి సాక్ష్యం చెప్పాడట. నేను ఇంటికి వెళ్తే తల్లి తలుపు దగ్గరే ఆపింది. "రోగం పేరు ఎత్తకు తల్లీ, తిరిగి వస్తుంది" అంది. నాలుగు నెలల తర్వాత రక్తం కక్కుతూ వచ్చాడు. మామూలు మందులకు లొంగని క్షయగా మారింది. ఒక్క పూరి గుడిసెలో అతనితో పాటు ఇద్దరు పసిపిల్లలు పడుకునేవారు. మూర్ఛ మాత్రలు ఆపి పొయ్యిలో పడినవారిని, చక్కెర మందు ఆపి కాలు పోగొట్టుకున్నవారిని కూడా నేను ఎరుగుదును.

ఇది మన పెద్దల దారి కాదు. మన పాలమూరు నేల మీద సువార్త చెప్పిన మిషనరీలే జడ్చర్లలో ఆసుపత్రి కట్టారు. వార్డులో ప్రార్థన చేసేవారు, సూదిమందూ వేసేవారు. హిజ్కియా రాజు బతుకుతాడని దేవుని మాటను తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి అతని పుండు మీద వేయించాడు. అపొస్తలుడైన పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు.

3. బాధను బయటికి చెప్పుకునే నోరు మూతపడుతోంది. ప్రతికూలమైన మాట పలికితే అదే జరుగుతుందన్న బోధ ఈ పదిహేనేళ్లలో పల్లె మందిరాల దాకా వచ్చింది. అప్పుల్లో మునిగిన ఒక పత్తి రైతు భార్య సాక్ష్యాల సమయంలో లేచి "మాకు బతకాలని లేదయ్యా" అంది. "ఆ మాట వెనక్కి తీసుకో, శత్రువుకు తలుపు తెరవకు" అని మైకు లాక్కున్నారు. కూర్చుంది. ఆ రాత్రి నేను వాళ్ల ఇంటికి వెళ్లకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు. "చెప్పుకుందామని వచ్చిన చోటే చెప్పుకోకూడదంటే ఇంకెక్కడికి పోవాలి" అని ఆమె నన్ను అడిగింది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఈ రాష్ట్రం ఎందరు పిల్లలను పోగొట్టుకుందో మనందరికీ తెలుసు. ఆ పిల్లల వంటివారు మన యువజన కూడికల్లోనూ కూర్చుంటారు. దిగులుగా ఉందని పైకి అంటే అవిశ్వాసం అవుతుందేమోనని భయపడుతూ కూర్చుంటారు.

ప్రభువే గెత్సేమనేలో "మరణమగునంతగా నా ప్రాణము బహు దుఃఖములో మునిగియున్నది" అని స్నేహితులతో అన్నారు. ఆ మాట ఆయన వెనక్కి తీసుకోలేదు.

మన జిల్లాకు నీళ్లు ఎలా వచ్చాయో కూడా గుర్తు చేసుకోండి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఎన్నికను వాయిదా వేయవలసి వచ్చింది. ఫ్లోరైడు గోడు దేశానికి వినిపించడానికి జలసాధన సమితి ఎంచుకున్న దారి అది. 2003లో శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామిని ప్రధాని వాజపేయి ముందుకు తీసుకెళ్లి, ఈ నీళ్లు మనిషిని ఏం చేశాయో చూపించారు. మా ఎముకలు వంగిపోతున్నాయని నోరు తెరిచి, పదే పదే, సిగ్గుపడకుండా చెప్పినందువల్లే అక్కంపల్లి జలాశయం నుంచి కృష్ణా నీళ్లు మా పైపుల్లోకి వచ్చాయి. రోగం పేరు ఎత్తితే పెరుగుతుందని ఆ జనం నోళ్లు మూసుకుని ఉంటే మేము ఈనాటికీ ఆ ఎర్ర పంపు దగ్గరే ఉండేవాళ్లం.

4. పిల్లలు లేని స్త్రీలు. సభల్లో వారిని వరసగా నిలబెట్టి గర్భం మూయబడిందని పలుకుతున్నారు. లోపం భర్తలో ఉన్నా నిలబడేది భార్యే. అదే సాయంత్రం అత్తగారి నోట అది "గొడ్రాలు" అన్న తిట్టుగా మారుతుంది. దేవాలయంలో హన్నా పెదవులు మాత్రమే కదిలిస్తూ ప్రార్థించినప్పుడు, తాగి వచ్చిందనుకుని యాజకుడైన ఏలీ ఆమెను గద్దించాడు. ఆమె తన దుఃఖం చెప్పుకోగానే, పెద్దవాడై ఉండి, యాజకుడై ఉండి, మాట మార్చుకుని క్షేమంగా వెళ్లమని దీవించాడు. ఆయనకు చిన్నతనం అనిపించలేదు.

5. సంఘం మారినవారికి, దశమ భాగం, అంటే రాబడిలో పదో వంతు కానుక, తగ్గించినవారికి శాపాలు. "ఇక్కడి నుంచి పోయినవాడు బాగుపడిన చరిత్ర లేదు" అని వాక్యపు బల్ల దగ్గర అన్న మాట, మహారాష్ట్రలోని భివండీకి పనికి పోయిన కుటుంబాన్ని అక్కడి దాకా వెంటాడింది. బిడ్డకు జ్వరం వస్తే తల్లి ఆసుపత్రికి కాక ముందు ఇక్కడి కాపరికి డబ్బు పంపింది. హేతువులేని శాపం తగలదని సామెతల గ్రంథం 26వ అధ్యాయంలో ఉంది. ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు.

మీరందరూ ఇలాంటివారని నేను అనడం లేదు. నాన్న పోయిన వారానికి దేవరకొండ వైపు నుంచి ఒక చిన్న సంఘం కాపరి పాత మోపెడ్ మీద మా ఇంటికి వచ్చారు. కరోనా రోజులు, ఎవరూ ఎవరింటికీ వెళ్లని రోజులు. ముఖానికి గుడ్డ కట్టుకుని తమ్ముడి మంచం ఎదురుగా గడప దగ్గర చాప మీద కూర్చున్నారు. గంటన్నర సేపు దాదాపు ఏమీ మాట్లాడలేదు. యోబు స్నేహితులు నోరు మెదపకుండా కూర్చున్న ఆ మొదటి ఏడు రోజులే వారు చేసిన మంచి పని అని మా ఆదివారం బడిలో చెబుతుంటాను. ఆ రోజు కళ్లారా చూశాను. లేచి వెళ్లబోతూ ఆయన "తమ్ముడూ, ఈ ఆదివారం ఫోనులో ఆరాధన పెడుతున్నాం. కీర్తన నువ్వు చదువుతావా?" అని అడిగారు. సభల రాత్రి తర్వాత రెండేళ్లుగా బైబిలు ముట్టని వాడు ఆరో కీర్తన ఎంచుకున్నాడు. "యెహోవా, నా యెముకలు అదరుచున్నవి, నన్ను బాగుచేయుము" అన్న చోట గొంతు ఆగింది. అవతల ఎవరూ తొందరపెట్టలేదు. పూర్తి చేశాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం మందిరానికి వస్తాడు. ఆయన వాడి ఎముకలను నిటారు చేయలేదు. ఒక్క మాటతో మనిషిని లేపారు. మాటకున్న శక్తి గురించి నేను విన్న ప్రసంగాలన్నీ కలిపినా ఆ ఒక్క ప్రశ్నకు సరితూగవు.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి. బతిమాలడం అయిపోయింది. సంఘ సభ్యురాలిగా అడిగే హక్కుతో అడుగుతున్నాను.

ఒకటి. రోగానికి, వైకల్యానికి, పిల్లలు లేకపోవడానికి కారణం ఫలానావారి పాపమని ఏ వేదిక మీదా ఎవరూ పలకకూడదు. సభలకు ప్రసంగీకులను పిలిచే ముందు ఈ షరతు కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. భోజనం, బస, కానుక ముందే మాట్లాడుకుంటారు కదా, ఇది కూడా మాట్లాడుకోండి.

రెండు. ప్రతి స్వస్థత కూడికలో, ప్రార్థనకు ముందూ తర్వాతా, అదే మైకులో, ప్రసంగీకుల నోటితోనే "డాక్టరు చెప్పేదాకా ఎవరూ మందు ఆపవద్దు" అని చెప్పించండి. కార్యకర్త చేత చెప్పిస్తే జనం వినరు. ఆ సభల్లో క్షయ మందు మానేసినవారు ఉంటే వారిని మళ్లీ ఆరోగ్య కేంద్రానికి చేర్చే బాధ్యత సభలు పెట్టిన సంఘానిదే. మందులు ఉచితం, తిండికి నెలనెలా ప్రభుత్వం డబ్బు కూడా ఇస్తుంది. 2024 నవంబరు నుంచి అది వెయ్యి రూపాయలు.

మూడు. అడగనివారిని వేదిక ఎక్కించవద్దు. ఎవరి చేతికర్రా, ఎవరి కళ్లద్దాలూ లాక్కోవద్దు. ప్రార్థన కోరుకునేవారి కోసం పక్కన ఒక చాటు ఏర్పాటు చేయండి, అక్కడ మైకు ఉండకూడదు, కెమెరా ఉండకూడదు. మా తమ్ముడి వీడియోను పెట్టినవారు తీసివేయాలి. ఇప్పటికి మూడోసారి అడుగుతున్నాను.

నాలుగు. బతకాలని లేదని ఎవరైనా అంటే మాట వెనక్కి తీసుకోమని అనకండి, కూర్చోబెట్టి వినండి. ప్రతి మందిరం నోటీసు పలక మీద 14416 అంకె రాయించండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు. పగలూ రాత్రీ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

ఐదు. అన్న మాట వెనక్కి తీసుకోవడం. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. అతిథిగా వచ్చిన ప్రసంగీకులు ఒక ఇంటిని గాయపరిస్తే, పిలిచిన సంఘం వారం లోపల ఆ ఇంటికి వెళ్లాలి. మాట మైకులో అన్నది కాబట్టి దిద్దుబాటు కూడా మైకులోనే రావాలి, అదే ఊరిలో, అదే జనం ముందు. ఏలీ అంతటివాడు చేసిన పనే ఇది. మా నాన్న పేరు మీద వేసిన నింద ఇంకా ఆ చేను గాలిలోనే ఉంది. ఆయన లేరు, ఆయన మనవలు ఉన్నారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ ప్రకారం, వైకల్యం ఉన్న మనిషిని పదిమందిలో కావాలని అవమానించడం శిక్షించదగిన నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు ఉంటుంది. బెదిరింపుగా చెప్పడం లేదు. నేను పోలీసు స్టేషను మెట్లు ఎక్కలేదు, ఎక్కాలనీ లేదు. మన మధ్య తేల్చుకోగలమన్న ఆశతోనే ఈ ఆరేడేళ్లు ఆగాను. కానీ మరొక ఇంటి మనిషి నాలా ఆగకపోవచ్చు.

డిసెంబరు 3 ప్రపంచ వికలాంగుల దినం. ఈ ఏడాది ఆ తేదీకి దగ్గరి ఆదివారం మీ మీ మందిరాల్లో యోహాను 9వ అధ్యాయం మొత్తం, నలభై ఒక్క వచనాలూ చదివించండి. వీలైతే ఎముకలు వంగిన ఒక మనిషి చేత చదివించండి. మా సంఘంలో తమ్ముడు చదువుతాడు.

ఆ రోజులోపు నాకు జవాబు రావాలి. ఉత్తరం రాయడం ఇష్టం లేకపోతే మా ఇంటికే రండి. తమ్ముడు పగలంతా ఇంట్లోనే ఉంటాడు, వాకిట్లో మంచం మీద కూర్చుని ఊరివాళ్ల ఫోన్లు బాగుచేస్తుంటాడు. వచ్చినవారు నిలబడి మాట్లాడవద్దు. వాడి ఎదురుగా చాప వేస్తాను, కింద కూర్చోండి. అప్పుడైతే వాడు నడుము వెనక్కి వాల్చకుండానే మీ ముఖం చూడగలుగుతాడు.

ఇట్లు,
ప్రభువునందు మీ సహోదరి,
ఒక ఆదివారం బడి ఉపాధ్యాయురాలు,
మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా